నల్ల బీర్‌కి చేపల డబ్బా: ఎనిమిది నెలలు వాడాక థర్మోకోల్ బాక్స్ రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది ఏదో పెద్ద కంపెనీ వస్తువు రివ్యూ కాదు. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర 180 రూపాయలకి తెచ్చుకున్న పాత థర్మోకోల్ డబ్బా ఒకటి, ఆ తర్వాత బుద్ధొచ్చి 650 పెట్టి కొన్న కొత్త డబ్బా ఇంకోటి, ఈ రెండిట్లో ఇంట్లో కాసుకున్న స్టౌట్ (మాడ్చిన బార్లీ వేసి కాసే నల్ల బీర్) సీసాలు పెట్టి మాగబెట్టిన కథ. దీనికోసమే ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొందామని నేను దాదాపు డబ్బులు కూడా తీసి పెట్టుకున్నా, మా ఆవిడ "ఈ టూ బీహెచ్‌కేలో ఇంకో ఫ్రిజ్ పెడితే నేను బాల్కనీలో పడుకోవాలి" అనేసరికి ఆ ప్లాన్ ఆగిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆగిపోవడమే మంచిదైంది.

ఇంకో మాట కూడా ముందే. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీర్ కాయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు, అమ్మినా అమ్మకపోయినా అంతే. అమెరికాలో అయితే 1978లోనే ఇంటి వాడకానికి ఒప్పేసుకున్నారు, మా బావమరిది అక్కడ గరాజ్‌లో దర్జాగా కాసుకుంటాడు, ఈ పిచ్చి నాకు అంటించింది కూడా వాడే. కాబట్టి ఇది చదివి మీరూ మొదలుపెట్టండి అని నేను అనట్లేదు, ఎక్సైజ్ వాళ్ళెవరైనా చదువుతుంటే మాత్రం ఇదంతా కల్పితం అనుకోండి సార్.

అసలు గొడవ మొదలైంది పోయిన ఏప్రిల్‌లో. మాది పై అంతస్తు, నెత్తి మీద నేరుగా స్లాబే. పది లీటర్ల స్టౌట్ కాసి, పులిశాక సీసాల్లోకి పోసి, మూతలు కొట్టి, చీకటిగా ఉంటది కదా అని కిచెన్ పక్కన సజ్జ మీద పెట్టేశా. ఆ సజ్జ మీద మధ్యాహ్నం ఎంత వేడి ఉంటదో నాకు తట్టలేదు, తర్వాత కొలిస్తే 38 చూపించింది. తొమ్మిదో రోజు రాత్రి రెండింటికి ఢామ్మని సౌండ్, గ్యాస్ సిలిండరేమో అనుకుని అందరం లేచి పరిగెత్తాం, చూస్తే రెండు సీసాలు పేలి నల్లటి జిగురు మొత్తం కారి కింద ఉన్న మా అత్తగారి ఆవకాయ జాడీ మీద పడుతోంది. జాడీకి మూతా, దాని మీద గుడ్డా ఉన్నాయి కాబట్టి బతికిపోయా. పొద్దున్నే పక్క ఫ్లాట్ అంకుల్ ఆ వాసనకి "ఏంది బాబూ, ఇంట్ల గుడుంబా పెడుతున్నవా" అని నవ్వుతూనే అడిగాడు కానీ ఆ నవ్వులో కొంచెం సీరియస్ కూడా ఉంది.

తప్పు వేడి ఒక్కదానిదే కాదు, నాది కూడా. పులవడం పూర్తిగా అయిందో లేదో హైడ్రోమీటర్‌తో (బీర్‌లో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో తేలి చూపించే గాజు గొట్టం) రెండు మూడు రోజులు వరసగా చూసి, రీడింగ్ కదలట్లేదు అని ఖాయం చేసుకున్నాకే సీసాల్లో పోయాలి, నేను ఒక్కసారి చూసి పోసేశా. దానికి తోడు చక్కెర లీటరుకి 9 గ్రాములు వేశా. సీసాలో మిగిలిన ఈస్ట్ ఆ చక్కెర తిని గ్యాస్ చేస్తది, మూత ఉంది కాబట్టి ఆ గ్యాస్ బీర్‌లోనే కరుగుతది, సీసాలో మాగబెట్టడం అంటే మొదటి రెండు మూడు వారాల్లో జరిగే పని ఇదే. లీటరుకి 4 గ్రాముల చక్కెర వేస్తే దాదాపు ఒక వాల్యూమ్ గ్యాస్ (అంటే లీటర్ బీర్‌లో లీటర్ గ్యాస్ కరిగినట్టు) వస్తది, స్టౌట్‌కి మొత్తం రెండు, రెండుంపావు చాలు, పులిసిన బీర్‌లో ముందే ముప్పావు దాకా కరిగి ఉంటది. అంటే లీటరుకి 6 గ్రాములు సరిపోతది, 10 లీటర్లకి 60 గ్రాములు, గ్లాసుడు నీళ్ళలో మరిగించి చల్లార్చి కలిపితే అయిపోయింది. ఇప్పుడు నేను దీన్ని వంటింటి తక్కెడ మీద తూచి వేస్తా, చెంచా లెక్క మానేశా.

సరే, డబ్బా సంగతికి వద్దాం. మొదట నేను డబ్బా గురించి ఆలోచించనే లేదు, మన ఊళ్ళల్లో రంజన్ చుట్టూ తడి గోనెసంచి కట్టేవాళ్ళు కదా, అదే చేశా. ప్లాస్టిక్ టబ్‌లో నాలుగు వేళ్ళ నీళ్ళు, అందులో సీసాలు, వాటి మీద తడి లుంగీ, ఎదురుగా టేబుల్ ఫ్యాన్. ఏప్రిల్ ఎండకి ఇది నిజంగా పని చేస్తది, గాలి పొడిగా ఉంటది కాబట్టి. బయట 40 డిగ్రీలుండి తేమ 20 శాతం ఉంటే లెక్క ప్రకారం తడిగుడ్డ 23 దాకా దించగలదు, నాకు 27 వచ్చింది, నాకది చాలు. కానీ ఫ్యాన్ ఆగినా, గుడ్డ ఆరినా మళ్ళీ మొదటికే, ఆఫీస్ నుంచి వచ్చేసరికి 33. జూలైలో అయితే ఇది పూర్తిగా వేస్ట్, 30 డిగ్రీలకి 75 శాతం తేమ ఉంటే నాలుగు డిగ్రీలు దించడమే గొప్ప, పైగా లుంగీకి బూజు పట్టింది. ఆ లుంగీ మా నాన్నది, ఆ విషయం ఆయనకి ఇప్పటికీ తెలీదు.

అలా మే మొదటి వారంలో రాంనగర్ వెళ్ళా. చేపలు ఐసులో వేసుకుని వచ్చే థర్మోకోల్ డబ్బాలు ఖాళీ అయ్యాక అక్కడ పక్కన పడేసి ఉంటాయి, ఒకాయన్ని అడిగితే 250 అన్నాడు, నేను 150 అన్నా, "తీస్కపో అన్నా, నూట ఎనభై ఇయ్యి, గిదేం ఎండి గిన్నె కాదు గద" అన్నాడు, ఇచ్చేశా. మృగశిర కార్తె దాకా ఆగుంటే ఇంకా తక్కువకి వచ్చేదేమో, జూన్ 8 ప్రాంతంలో సిటీలో చేపలు కొనే జనాన్ని చూస్తే ఆ రోజు ఖాళీ డబ్బాలు గుట్టలు గుట్టలే.

ఈ పాత డబ్బాతో మూడు సమస్యలు. మొదటిది మీరు ఊహించిందే, వాసన. సర్ఫ్, నిమ్మచెక్కలు, వంటసోడా, రెండు రోజులు డాబా మీద ఎండ, అన్నీ అయ్యాక కూడా మూత తీస్తే సముద్రం గుర్తొస్తది. సీసాలకి క్రౌన్ క్యాప్, అంటే కూల్‌డ్రింక్ సీసాకి ఉండే ఇనుప మూత, ఉంది కాబట్టి బీర్‌కి పట్టదు అని నా వాదన. సంక్రాంతికొచ్చిన మా బావమరిది మాత్రం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "బావా, ఇది ఆయిస్టర్ స్టౌటా" అన్నాడు. ఆయిస్టర్ స్టౌట్ అని ఆల్చిప్పల పేరుతో నిజంగానే ఒక రకం ఉంది, అందుకే వాడు పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ అర్థం కాలేదు. రెండోది నేను కొలవకుండా కొనడం. మన 650 ఎంఎల్ బీర్ సీసా నిలబెడితే దాదాపు 29 సెంటీమీటర్లు, డబ్బా లోపలి ఎత్తు చూస్తే 24. చేపకి ఎత్తుతో ఏం పని, పడుకునే కదా ఉంటది. చచ్చినట్టు సీసాలన్నీ పడుకోబెట్టా, దాంతో ఈస్ట్ మడ్డి సీసా పక్క గోడకి పేరుకుంది, పోసేటప్పుడు మొత్తం కలిసిపోయి గ్లాసులోకి వస్తది. నల్ల బీర్ కాబట్టి కంటికి కనపడదు, నాలిక మీద మాత్రం పిండి పిండిగా తెలుస్తది, పొద్దున్నే కడుపు కూడా చెప్తది. మూడోది మందం, ఒక అంగుళమే, మూత కూడా ఒక మూల లేచి ఉంది, మేలో రోజుకి లీటర్ బాటిళ్ళు నాలుగింటి ఐస్ మింగేది.

ఐస్ పద్ధతి ఏంటంటే, లీటర్ వాటర్ బాటిళ్ళలో నీళ్ళు ముప్పావు పైగా పోసి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున రెండు సాయంత్రం రెండు మార్చడం. కిలో ఐస్ కరిగితే పది లీటర్ల బీర్‌ని 8 డిగ్రీలు దించేంత చల్లదనం ఉంటది, అందుకే మొదటి రోజు నేను అత్యాశకి పోయి నాలుగూ ఒకేసారి పెడితే లోపల 15కి పోయింది, తెల్లారేసరికి మళ్ళీ 28. ఇలా ఊయల ఊపడం కంటే ఊరికే 28లో వదిలేయడమే నయం. లోపల ఎంతుందో తెలియాలంటే అక్వేరియం షాపులో దొరికే వైరు థర్మామీటర్ ఒకటి తీసుకోండి, నాకు 160 పడింది, వైరు చివర సీసాల మధ్యలో, స్క్రీన్ బయట. ఇది లేకుండా డబ్బా కొని లాభం లేదు, నేను సీరియస్‌గా చెప్తున్నా.

ఇక్కడ చాలామందికి ఉండే అపోహ ఒకటి, నాకూ ఉండేది, బీర్ అంటే చల్లగా మాగాలి అని. లాగర్‌కి, అంటే షాపుల్లో మామూలుగా దొరికే లేత రంగు బీర్‌కి, నిజమే, దానికి వారాల తరబడి సున్నా దగ్గర చలి కావాలి, అది థర్మోకోల్‌తో అయ్యే పని కాదు, మన హైదరాబాద్‌లో ఆ ఆశ పెట్టుకోకండి. స్టౌట్, దాని చుట్టమే అయిన పోర్టర్ అనే నల్ల బీర్ అలా కాదు, వాటిలో పడేది వెచ్చదనంలో పనిచేసే ఏల్ ఈస్ట్. సీసాలో గ్యాస్ పట్టాలంటే దానికి 20 నుంచి 25 డిగ్రీలు హాయి, ఇంట్లో ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో పెడితే ఈస్ట్ నిద్రపోతది, నెల తర్వాత తీసినా చప్పగానే ఉంటది. అలా నేను రెండు సీసాలు టెస్ట్ చేసి చూశా, అచ్చం చల్లారిపోయిన డికాషన్. అంటే ఫ్రిజ్ కొనుంటే మొదటి మూడు వారాలు దాన్ని వాడుకునేది కూడా ఉండేది కాదు, లేదా ఒక టెంపరేచర్ కంట్రోలర్ కొని దానికి తగిలించాలి, అదో ఖర్చు. చలితో వచ్చే ఇంకో లాభం బీర్ తేటపడటం, నల్ల బీర్ తేటపడితే ఎవడు చూస్తాడు చెప్పండి.

వేడికి భయపడాల్సింది ఎక్కడంటే పాతబడటం దగ్గర. పది డిగ్రీలు పెరిగితే పాతబడే స్పీడ్ దాదాపు రెండింతలు అంటారు, లేత రంగు బీర్ అయితే తడిసిన అట్టముక్క రుచి వచ్చేస్తది. నల్ల బీర్‌లో మాడ్చిన బార్లీ, చాక్లెట్ మాల్ట్ (పేరుకే చాక్లెట్, నల్లగా వేయించిన మొలక బార్లీ) ఉంటాయి, ఆ మాడు రుచి కొంత కాపాడుతది, కొంత కప్పిపెడతది, పాతబడినా ఎండుద్రాక్ష, ఖర్జూరం లాంటి రుచి వైపు పోతది, అది కొందరికి ఇష్టం కూడా. ఒకప్పుడు ఇంగ్లాండ్ నుంచి పోర్టర్ పీపాల్లో నెలల తరబడి ఓడ మీద వేడి సముద్రాలు దాటి మన దేశంలో ఉన్న సోల్జర్లకి వచ్చేది, ఆ ఓడలో ఫ్రిజ్ ఎక్కడిది. పక్కనే శ్రీలంకలో లయన్ స్టౌట్ 8.8 శాతం ఆల్కహాల్‌తో ఇప్పటికీ కాస్తున్నారు, ట్రాపికల్ స్టౌట్ అని ఆ రకానికి పేరే ఉంది. మన కల్లు చూడండి, పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు, ఎండలో దానికి గంటల లెక్క. స్టౌట్‌కి వారాల లెక్క, ఆ మాత్రం ఓపిక ఉన్న సరుకే ఇది, కాకపోతే రోజూ పది డిగ్రీలు పైకీ కిందకీ ఊపకూడదు. నాకు డబ్బాతో కావాల్సింది ఆ ఊపు ఆపడమే.

కాయడం అప్పుడు మాత్రం ఈ ఓపిక పనికిరాదు, పులిసే మొదటి మూడు రోజులు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తది, అప్పుడు 30 దాటితే నెయిల్ పాలిష్ వాసన, మర్నాడు తలనొప్పి గ్యారంటీ. ఆ మూడు రోజులు బకెట్‌ని టబ్ నీళ్ళలో ఐస్ బాటిళ్ళతో పెడతా, అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు.

జూలైలో కొత్త డబ్బా కొన్నా, డెకరేషన్ వాళ్ళకి థర్మోకోల్ షీట్లు అమ్మే ఒక షాపులో. మందం రెండు అంగుళాలు, లోపలి ఎత్తు 32 సెంటీమీటర్లు, పన్నెండు సీసాలు నిలబడి మధ్యలో లీటర్ బాటిళ్ళు రెండు పడతాయి. కొనేటప్పుడు గోరుతో నొక్కి చూడండి, సులభంగా గుంట పడితే వద్దు, పూసలు చిన్నగా దగ్గర దగ్గరగా ఉండాలి, చేతిలో బరువుగా అనిపించాలి, మూత గాడిలో టైట్‌గా కూర్చోవాలి. కూర్చునేటప్పుడు కీచుమని పళ్ళు జివ్వుమనే సౌండ్ వస్తది, వచ్చిందంటే మంచి మూత అని అర్థం. షాపాయన "లోపల ఏం పెడతారు సార్" అంటే ఐస్‌క్రీమ్ అని చెప్పా.

మేలో కొత్తది నా దగ్గర లేదు కాబట్టి ఆగస్టులో రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూశా, హాల్లో మధ్యాహ్నం 30, తెల్లవారుజామున 26. పాతదానికి రోజుకి రెండు బాటిళ్ళు, లోపల 23 నుంచి 27 మధ్య ఆడింది. కొత్తదానికి రోజుకి ఒక్కటే, 24 నుంచి 25, వారం మొత్తం అంతే, నేనే నమ్మలేక థర్మామీటర్ మార్చి చూశా. కరెంట్ గురించి మా ఆవిడ అడిగింది, ఒక లీటర్ నీళ్ళు గడ్డకట్టించడానికి ఇంటి ఫ్రిజ్‌కి పట్టేది చాలా తక్కువ, రోజుకి రెండు బాటిళ్ళయినా నా లెక్కలో పావు యూనిట్ దాటదు. అసలు ఖర్చు ఫ్రీజర్‌లో జాగా, బఠానీలు, పిల్లల ఐస్‌క్రీమ్ డబ్బా తీసి కింద పెట్టాల్సొచ్చింది, దాని మీద రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

కొత్తదానిలో కూడా లోపాలు లేకపోలేదు. ఐస్ బాటిళ్ళకి చెమట పట్టి అడుగున నీళ్ళు చేరతాయి, పట్టించుకోకపోతే మూతలకి తుప్పు, నావి నాలుగు మూతలు గోధుమ రంగులోకి తిరిగాయి, ఇప్పుడు బాటిళ్ళకి పాత టవల్ చుట్టి రెండు రోజులకోసారి తుడుస్తున్నా. తెల్ల పూసలు రాలి ఇల్లంతా తిరుగుతాయి, పూజ గదిలో కూడా ఒకటి దొరికింది. నాలుగు రోజులు ఊరెళ్తే ఐస్ మార్చే దిక్కు లేదు, దసరాకి ఊరెళ్ళినప్పుడు వాచ్‌మెన్‌కి తాళం ఇచ్చి చెప్దామనుకున్నా కానీ లోపల ఏముందో చెప్పాల్సొస్తదని మానేశా. వచ్చేసరికి 28 ఉంది, బీర్‌కి ఏం కాలేదు.

ఇంకో చిన్న చిట్కా, నాకు బాగా పనికొచ్చింది. ప్రతి బ్యాచ్‌లో ఒక ప్లాస్టిక్ సోడా బాటిల్ కూడా నింపి డబ్బాలో పెట్టండి, రెండ్రోజులకోసారి నొక్కి చూస్తే చాలు, గట్టిపడిందంటే గ్యాస్ పట్టిందని, రాయిలా అయిపోయిందంటే అన్ని సీసాల మూతలూ కొంచెం లేపి గ్యాస్ వదిలేయాలని. అప్పుడు కళ్ళకి అద్దాలు, చేతులకి మందం గుడ్డ మర్చిపోవద్దు. సీసాలు కబాడీ దుకాణంలో దొరుకుతాయి, గోధుమ రంగువే తీసుకోండి, పచ్చవీ తెల్లవీ అయితే వెలుతురుకి బీర్ కంపు కొడతది, మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడినా పక్కన పడేయండి. పొరపాటున పేలినా డబ్బా మూత లోపలే ఆగుతదని ధైర్యం, మూత మీద నేను ఒక పచ్చడి బండ కూడా పెట్టా.

రుచి అడిగితే, ఆగస్టు బ్యాచ్ మూడు వారాలకి తీసినప్పుడు నురుగు సన్నగా, గోధుమ రంగులో, గ్లాసు అంచుకి పట్టుకుని నిలబడింది. చేదు కొంచెం ముక్కు మీదకి వచ్చింది, కాఫీ గింజ పచ్చిగా కొరికినట్టు. రెండు నెలలకి ఆ పదును పోయి మెత్తబడింది, నాకు ఆ టైమే బెస్ట్ అనిపించింది. తాగడానికి రెండు రోజుల ముందు సీసా ఇంటి ఫ్రిజ్ డోర్‌లో పెట్టుకుంటే చాలు, గ్యాస్ బాగా కరుగుతది, మడ్డి అడుగున గట్టిగా కూర్చుంటది. అటు గచ్చిబౌలి వైపు బ్రూపబ్‌లలో (అక్కడే బీర్ కాసి అమ్మే బార్లు) తాగే స్టౌట్ దీనికంటే బాగుంటదా అంటే నిజాయితీగా బాగుంటది, వాళ్ళ దగ్గర స్టీల్ ట్యాంకులున్నాయి, నా దగ్గర చేపల డబ్బా ఉంది.

మార్కులు అంటే పాత డబ్బాకి 5కి 2, అది కూడా ధర చూసి. కొత్తదానికి 4, ఒక మార్కు తుప్పుకీ పూసలకీ కట్. వెయ్యి రూపాయల లోపల థర్మామీటర్‌తో సహా అన్నీ అయిపోయాయి. ప్లాస్టిక్ ఐస్ చెస్ట్ కొనొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు, కొనొచ్చు, ఉతకడం తేలిక, ఎలుక కొరకదు, కానీ పన్నెండు సీసాలు నిలబడే సైజు అయితే మూడు వేల పైన చెప్పారు నాకు.

ప్రస్తుతం కొత్త డబ్బా నా చేతిలో లేదు. డిసెంబర్ చలికి ఇడ్లీ పిండి పులవట్లేదని మా ఆవిడ గిన్నె తీసుకెళ్ళి అందులో పెట్టి, పక్కన వేడినీళ్ళ బాటిల్ ఒకటి పెట్టింది, పొద్దున లేచేసరికి పిండి మూత తోసుకుని పైకొచ్చింది. అప్పట్నుంచి రాత్రిళ్ళు డబ్బా ఆవిడది. పద్నాలుగు సీసాల కొత్త బ్యాచ్ మళ్ళీ సజ్జ మీదకే పోయింది, ఇప్పుడక్కడ 23 ఉంది, ఆవకాయ జాడీ మాత్రం ముందే పక్కకి జరిపా.